అతిగా ఆలోచించే మనసుకు నెమ్మది: విశ్వాసి సాధన చేయవలసిన విధానం

రాత్రి ఒక విషయాన్ని గురించి అరగంట ప్రార్థించి, ఆమేన్ అని, కన్నులు మూసిన మరుక్షణమే అదే విషయాన్ని మళ్లీ మొదటినుంచి తిరగదోడుకునే విశ్వాసులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. తమకు విశ్వాసం చాలడం లేదని వారు అనుకుంటారు, ఇంకా ఎక్కువసేపు ప్రార్థించాలని తీర్మానించుకుంటారు, మరునాటికి అరగంట గంట అవుతుంది, ఆలోచన మాత్రం తగ్గదు. ఈ మార్గదర్శి వారికోసం రాసినది. నా అభిప్రాయంలో అసలు చిక్కు ఇది: చింతకు ప్రార్థన భాష కూడా వచ్చు. దేవుణ్ణి సంబోధిస్తూనే మనసు తన పాత చుట్టును తాను తిరుగుతూ ఉండగలదు. అందువల్ల ప్రార్థన నిడివి పెంచడానికి ముందు చింతకు పేరు పెట్టడం, అందులో మన వంతు ఎంతో తేల్చడం, మిగిలినదాన్ని అప్పగించి అక్కడితో ఆపడం నేర్చుకోవాలి. ఇవి ఒక్క రాత్రిలో వచ్చేవి కావు, సాధనతో వచ్చేవి.

మొదటి మెట్టు: ఏది ఆలోచన, ఏది చింత

లేఖనం ఆలోచించడాన్ని ఎక్కడా తప్పుపట్టదు. గోపురం కట్టించదలచినవాడు ముందుగా కూర్చుండి తగిన ఖర్చు తన దగ్గర ఉన్నదో లేదో లెక్క చూసుకోడా అని లూకా 14:28లో ప్రభువే అడిగాడు. అయితే లెక్కకు చివర ఒక మొత్తం తేలుతుంది. కట్టవచ్చు, కట్టకూడదు, ఇంకొంత కాలం ఆగాలి అని ఏదో ఒక నిర్ణయం వస్తుంది. చింతకు అలాంటి చివర ఉండదు. గడిచిన పావుగంటలో ఈ విషయమై కొత్తగా ఏమైనా తెలిసిందా, ఏదైనా నిర్ణయం తీసుకున్నానా అని మిమ్మల్ని మీరు అడగండి. రెండింటికీ లేదు అన్నదే జవాబైతే అది చింత. దాన్ని కొనసాగించడం బాధ్యత అనిపించినా, వాస్తవానికి అక్కడ పని ఏమీ జరగడం లేదు.

తరువాత అది ఏ దిక్కుకు తిరుగుతున్నదో గమనించండి. గడిచిపోయిన మాటల చుట్టూ, చేసిన తప్పుల చుట్టూ తిరిగేది ఒకటి, రాబోయే కీడును ఊహించేది ఇంకొకటి, ఎదుటివారు మన గురించి ఏమనుకుంటున్నారో పసిగట్టాలని చూసేది మరొకటి. ఈ విభజన పాండిత్యం కోసం కాదు. గతానికి సంబంధించినదానికి ఒప్పుకోలు అవసరం కావచ్చు, భవిష్యత్తుకు సంబంధించినదానికి అప్పగింత అవసరం, ఎదుటివారి మనసుకు సంబంధించినదానికి చాలాసార్లు ఒక సూటి ప్రశ్న చాలు. ఏది ఏదో తెలియకుండా అన్నింటికీ ఒకే వాగ్దాన వాక్యాన్ని పదేపదే వల్లించడం వల్లనే చాలామందికి ఫలితం కనిపించదు.

రెండవ మెట్టు: శరీరం సంగతి చూడటం

దీన్ని ఆత్మీయ విషయం కాదని దాటవేయకండి. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక దినప్రయాణం నడిచి, బదరీవృక్షం కింద కూర్చుండి చావు కోరుకున్నాడు. దూత అతనికి బోధ చేయలేదు, గద్దించలేదు, కర్మెలు కొండమీద జరిగిన అద్భుతాన్ని గుర్తు చేయలేదు. లేచి భోజనం చేయమన్నాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండవసారి కూడా అదే చెప్పాడు. దేవుడు అతనితో మాట్లాడటం ఆ తరువాత, హోరేబులో. నిద్ర చాలని మనిషికి ప్రతి విషయమూ ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. వేళకు తినడం, పగలు కొంత దూరం నడవడం, సాయంత్రం తరువాత కాఫీ మానడం, పడకమీద ఫోన్ చూడకపోవడం ఈ సాధనలో భాగాలే.

ఆ అధ్యాయంలోనే నాకు మరీ ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఏలీయా, ఇక్కడ నీవేమి చేస్తున్నావని దేవుడు రెండుసార్లు అడిగితే, గాలి, భూకంపం, మెరుపు, మిక్కిలి నిమ్మళమైన స్వరం అన్నీ నడుమ జరిగిపోయినా, ఏలీయా రెండుసార్లూ దాదాపు అక్షరం మారకుండా ఒకే జవాబు చెప్పాడు. తాను ఒక్కడే మిగిలానన్నది ఆ జవాబులోని ప్రధానమైన మాట. గాడిలో పడిన మనసు ఎలా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం. దేవుడు ఆ వాదనతో వాదించలేదు. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించమని చేయవలసిన పని చెప్పాడు. దానితోపాటు ఒకే ఒక్క లెక్కను సరిదిద్దాడు: బయలు దేవతకు మోకాళ్లూనని వారు ఏడు వేలమంది ఇంకా ఉన్నారు. తరువాతి మెట్లలో మనం చేయబోయేదీ ఇంచుమించు ఇదే, అంటే చేయదగిన పనిని గుర్తించడం, తప్పు లెక్కను సరిదిద్దడం.

మూడవ మెట్టు: చింతను కాగితం మీద పరచడం

అష్షూరు రాజైన సన్హెరీబు క్రీస్తుపూర్వం 701లో యూదామీదికి వచ్చి, యూదా రాజైన హిజ్కియాకు బెదిరింపు ఉత్తరం పంపాడు. హిజ్కియా దాన్ని చదివాడు, యెహోవా మందిరానికి వెళ్లాడు, ఆయన సన్నిధిలో ఆ ఉత్తరాన్ని విప్పి పరిచాడు (రెండవ రాజులు 19:14). తలలో తిరిగే భయానికి అంచులు ఉండవు. పరిచిన ఉత్తరానికి నాలుగు అంచులు ఉంటాయి. ఆయన ప్రార్థన కూడా అలాగే ఉంది: అష్షూరు రాజులు ఇతర దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఒప్పుకుంటుంది, ఆ దేశాల దేవతలు మనుషుల చేతిపని అని తేడా చూపుతుంది, మమ్మల్ని రక్షించమని అడిగి ముగుస్తుంది. మొత్తం అయిదు వచనాలు.

ఒక నోటుపుస్తకం దీనికోసమే పెట్టుకోండి. రోజూ ఒకే వేళ, పడకగది కాని ఒకే చోట కూర్చుని, మనసును పట్టి లాగుతున్న ప్రతి చింతనూ ఒక్కొక్క వాక్యంగా రాయండి. ఉద్యోగం గురించి బెంగ అని రాస్తే చాలదు. ఈ నెలాఖరులో జరగబోయే సమీక్షలో నన్ను తొలగిస్తారని భయపడుతున్నాను అని రాయండి. నా ఆరోగ్యం ఏమవుతుందో అని రాయకండి. ఫలానా పరీక్ష ఫలితం గురువారం వస్తుంది, అది చెడ్డ వార్త కావచ్చునని భయపడుతున్నాను అని రాయండి. వాక్యం స్పష్టమైన కొద్దీ భయం కొంత చిన్నది కావడం, కొన్నిసార్లు అది వాక్యంగా కుదరనే కుదరకపోవడం మీరే గమనిస్తారు. కుదరనివాటిని పక్కన ఉంచండి, వాటిలో చాలామట్టుకు అలసట తప్ప విషయం ఉండదు.

ఇప్పుడు ప్రతి వాక్యానికీ ఎదురుగా రెండు గళ్లు గీయండి. ఒకదానిలో ఇందులో నేను చేయగలిగిన తరువాతి పని, రెండవదానిలో నా చేతిలో లేనిది. ద్వితీయోపదేశకాండము 29:29 ఈ విభజనకు ఆధారం: రహస్యాలు దేవునికి చెందుతాయి, బయలుపరచబడినవి మనవి. సమీక్షకు ముందు చేసిన పనుల జాబితా సిద్ధం చేయడం నా పని, తీర్పు చెప్పేవారి మనసు నా చేతిలో లేదు. స్నేహితునికి ఫోన్ చేసి, నిన్నటి నా మాట నిన్ను నొప్పించిందా అని అడగడం నా పని, అతని జవాబు నా చేతిలో లేదు.

మొదటి గడిని ఖాళీగా వదిలి అంతా దేవునికి అప్పగించాను అనేవారు కొందరు ఉన్నారు. వారు హిజ్కియాను పూర్తిగా చదవాలి. మందిరంలో ఉత్తరం పరిచిన ఆ రాజే, ముట్టడికి ముందు పట్టణం వెలుపలి నీటిబుగ్గలను మూయించాడు, పాడైన గోడ కట్టించాడు, గీహోను ఊట నీటిని పట్టణంలోకి మళ్లించాడు (రెండవ దినవృత్తాంతములు 32). ఆ నీటికోసం రాతిలో తొలిపించిన సొరంగం సుమారు 533 మీటర్ల పొడవు ఉంటుంది. రెండు వైపులనుంచి తొలుచుకుంటూ వచ్చిన పనివారు నడుమ కలుసుకున్న సంగతిని చెప్పే శాసనం 1880లో అక్కడ బయటపడింది. నేటికీ యెరూషలేములో ఆ సొరంగం గుండా నీటిలో నడిచి వెళ్లవచ్చు. ఆ సొరంగం తవ్వించడాన్ని అవిశ్వాసమని లేఖనం ఎక్కడా అనలేదు.

నాలుగవ మెట్టు: ముగింపు ఉన్న ప్రార్థన

దేనిని గూర్చియు చింతపడకుడి అన్న మాటను పౌలు సుఖంగా కూర్చుని రాయలేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక బంధకాల్లోనుంచి వచ్చినది, తాను బ్రతుకుతాడో చనిపోతాడో తేలని స్థితి మొదటి అధ్యాయంలోనే కనిపిస్తుంది. ఆ ఆజ్ఞకు నాలుగు వచనాల ముందు, సంఘంలో ఇద్దరు స్త్రీలు, యువొదియ, సుంటుకే, ఏకమనస్సు లేకుండా ఉన్నారని చెప్పి, వారిని పేరు పెట్టి బతిమాలుకున్నాడు. అంటే ఆ ఉపదేశం చెరసాల, సంఘంలో తగవు, అనిశ్చితి అన్నీ ఉన్న చోట పుట్టింది. పౌలుకు కూడా చింత తెలుసు. సంఘములన్నిటినిగూర్చిన చింత తనకు ప్రతిదినం ఉన్నదని రెండవ కొరింథీయులకు 11:28లో దాచకుండా చెప్పుకున్నాడు. చింత కలగడమే పాపమని మిమ్మల్ని మీరు నిందించుకుంటూ ఉంటే, ఆ నింద ఇంకొక చింతగా మారడం తప్ప ప్రయోజనం ఉండదు.

ఫిలిప్పీయులకు 4:6లో ప్రార్థన, విజ్ఞాపన, కృతజ్ఞత, విన్నపం తెలియజేయడం అన్నీ ఉన్నాయి. దీన్ని ఇలా ఆచరణలో పెట్టండి. నోటుపుస్తకంలోని ఒక చింతను తీసుకోండి. ఎవరితో మాట్లాడుతున్నారో ఒక వాక్యంలో చెప్పండి, ఉదాహరణకు, తండ్రీ, నా తలవెండ్రుకలు కూడా నీకు లెక్కలో ఉన్నాయి. రాసుకున్న చింతను ఉన్నదున్నట్టు చదవండి. ఏమి కావాలో సూటిగా అడగండి. ఇదే విషయంలో ఇప్పటికే దొరికిన ఒక మేలుకు, ఎంత చిన్నదైనా, వందనాలు చెప్పండి. నా పని నేను చేస్తాను, మిగిలినది నీది అని చెప్పి ఆమేన్ అనండి. రెండు మూడు నిమిషాలకు మించదు. తరువాతి చింతకు వెళ్లండి.

ఇంత చిన్న ప్రార్థన చాలుతుందా అన్న సందేహం కలగడం సహజం. విస్తారంగా మాట్లాడటం వల్ల తమ మనవి వినబడుతుందని అన్యజనులు తలస్తారనీ, మీరు అడగకముందే మీకు ఏమి అవసరమో తండ్రికి తెలుసనీ మత్తయి 6:7, 8లో యేసు చెప్పాడు. దీర్ఘ ప్రార్థనను నేను తక్కువ చేయడం లేదు. స్తుతిలో, విజ్ఞాపనలో, ఇతరులకోసం గోజాడటంలో గంటలు గడపవచ్చు. నా హెచ్చరిక ఒకే చింతను ఒకే పూట నాలుగైదు సార్లు తిరిగి మొదలుపెట్టే అలవాటును గురించి మాత్రమే. పరిస్థితిని దేవునికి వివరిస్తూ వివరిస్తూ, ఒకవేళ ఇలా జరిగితే, ఒకవేళ అలా జరిగితే అని ఊహలు పేర్చుకుంటూ పోతున్నారంటే, పేరు ప్రార్థనే అయినా మీరు మళ్లీ చింతలోకి వెళ్లిపోయారు. అక్కడ ఆపి, అడగవలసిన ఒక్క మాట అడగండి.

మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి అన్న మొదటి పేతురు 5:7ను మనం విడిగా చదువుతాం. దాని ముందు వచనం దేవుని బలిష్ఠమైన చేతికింద దీనమనస్కులై ఉండమంటుంది. ఆ రెండూ ఒకే వాక్యంలోని భాగాలు. ముందుగానే అంతా తెలిసిపోవాలి, ప్రతి మలుపుకూ నేను సిద్ధంగా ఉండాలి అన్న పట్టుదలలో కొంత గర్వం దాగి ఉండవచ్చు. తనకు అందనివాటియందు తాను అభ్యాసము చేసుకోవడం లేదని దావీదు 131వ కీర్తనలో చెప్పినది మూడు వచనాల చిన్న ప్రార్థన. అతిగా ఆలోచించేవారు కంఠస్థం చేయవలసిన కీర్తనలలో దాన్ని మొదట ఉంచుతాను.

అయిదవ మెట్టు: ఆలోచన తిరిగి వచ్చినప్పుడు

అది తిరిగి వస్తుంది. రాకూడదని గట్టిగా అనుకుంటే ఇంకా త్వరగా వస్తుంది. 1987లో డానియెల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అయిదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని గురించి ఆలోచించవద్దనీ, ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమనీ కొందరితో చెప్పి చూశాడు. వారు గంట కొడుతూనే ఉన్నారు. ఆ తరువాత ఆలోచించవచ్చునని చెప్పినప్పుడు, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవారికన్నా వీరికే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తుకు వచ్చింది. అందుచేత తరిమివేయడానికి పోరాడకండి. వచ్చిందని ఒప్పుకుని, ఇది అప్పగించిన విషయం, రేపు మన వేళకు మళ్లీ చూద్దాం అని ఒక్క మాట చెప్పండి. చింతకు రోజులో ఒక అరగంట కేటాయించి, మిగతా వేళల్లో వచ్చినదాన్ని ఆ అరగంటకు వాయిదా వేసే పద్ధతిని 1983లో థామస్ బోర్కొవెక్, ఆయన సహచరులు పరీక్షించి, చింతించే సమయం తగ్గుతున్నదని చూపారు. దినానికి ముమ్మారు మోకాళ్లూనిన దానియేలు అలవాటు (దానియేలు 6:10) తెలిసిన విశ్వాసికి వేళలు నియమించుకోవడం కొత్త సంగతి కాదు. అయితే ఆ అరగంట పడుకునే వేళకు దగ్గరగా ఉండకూడదు.

వాయిదా వేసిన తరువాత మనసు ఖాళీగా ఉండలేదు, దానికి ఇంకేదో ఇవ్వాలి. ఫిలిప్పీయులకు 4:8లో పౌలు ఇచ్చిన జాబితాలో మొట్టమొదటిది ఏవి సత్యమైనవో అన్నది. ఇది చాలా పనికివచ్చే వడపోత. అందరూ నన్ను అసహ్యించుకుంటున్నారు అన్న ఆలోచన వస్తే, ఇది సత్యమా, లేక ఒకరు నా పలకరింపుకు జవాబు ఇవ్వలేదన్నది సత్యమా అని అడగండి. ఏలీయా లెక్కను దేవుడు సరిదిద్దినట్టే మీ లెక్కను మీరు సరిదిద్దండి. 42వ కీర్తనలో కీర్తనకారుడు నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు అని తన ప్రాణాన్నే ప్రశ్నించాడు. ప్రాణం చెప్పేది వింటూ కూర్చోకుండా దానితో మాట్లాడాడు. ఇది గట్టిగా, నోటితో చేయదగిన పని.

వాక్యాలను కూడా గుట్టగా కాకుండా ఒక చింతకు ఒకటి చొప్పున ఎంచుకోండి. రేపటిని గురించిన భయానికి మత్తయి 6:34, ఒంటరితనానికి హెబ్రీయులకు 13:5, విచారాలు హెచ్చినప్పుడు కీర్తన 94:19. ఆ వచనం ఉన్న అధ్యాయాన్ని మొత్తం ఒకసారి చదివి, తరువాతే దాన్ని కంఠస్థం చేయండి.

ఆరవ మెట్టు: గడిచిన తప్పు వదలనప్పుడు

ఒప్పుకున్న పాపాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకునేవారి బాధ వేరు. మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి ఒప్పుకోలు చెప్పేవాడు, ఏదైనా చెప్పకుండా మిగిలిపోయిందేమోనన్న భయం ఆయనను విడిచిపెట్టేది కాదు. మఠంలో ఆయన పై పెద్ద అయిన స్టౌపిట్జ్, నిన్ను నీవు తవ్వుకోవడం మాని క్రీస్తు గాయాలవైపు చూడమని ఆయనను మళ్లించాడు. ఆ సలహా ఇప్పటికీ పనిచేస్తుంది, కాని దానికి ముందు ఒక మెట్టు ఉంది. ఎవరికైనా నష్టం చేసి ఉంటే, జక్కయ్య చేసినట్టు తిరిగి ఇవ్వండి, క్షమాపణ అడగండి. అది చేయకుండా ప్రార్థన మాత్రమే చేస్తూ ఉంటే మనసు కుదుటపడకపోవడం న్యాయమే. అది చేశాక, మొదటి యోహాను 1:9ని ఆధారం చేసుకుని ఒక్కసారి, స్పష్టంగా ఒప్పుకుని, నోటుపుస్తకంలో ఆ తేదీ వేయండి. నింద మళ్లీ లేచినప్పుడు కొత్త ఒప్పుకోలు మొదలుపెట్టకుండా ఆ తేదీని చూపండి. మన హృదయము మనయందు దోషారోపణ చేసినప్పుడు దేవుడు మన హృదయముకంటె అధికుడని యోహాను అదే పత్రికలో, 3:20లో రాశాడు.

ఏడవ మెట్టు: రాత్రి

77వ కీర్తన నిద్ర పట్టనివాని కీర్తన. నీవు నా కన్నులు మూతపడనీయవు అని ఆసాపు దేవునితోనే ఫిర్యాదు చేశాడు. మొదటి సగమంతా నేను, నా, నాకు అని సాగి, పదకొండవ వచనం దగ్గర దేవుడు చేసిన కార్యాలను జ్ఞాపకం చేసుకోవడానికి తిరుగుతుంది, అక్కడినుంచి ఎర్రసముద్రం దాకా వెళ్తుంది. రాత్రిపూట సమస్యను పరిష్కరించే ప్రయత్నం పూర్తిగా మానుకోండి. పడుకునే ముందు అయిదు నిమిషాలు, రేపు చేయవలసిన పనులను రాయండి. 2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కల్లిన్ బృందం 57 మందితో చేసిన పరిశోధనలో, చేయవలసిన పనుల జాబితా రాసినవారు, చేసేసిన పనులను రాసినవారికన్నా సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. చాలాసేపు నిద్ర రాకపోతే పడకమీద పెనుగులాడకుండా లేచి, మందమైన వెలుతురులో ఒక కీర్తన నెమ్మదిగా చదివి, నిద్రమత్తు వచ్చాకే తిరిగి పడుకోండి.

ఎనిమిదవ మెట్టు: ఒకరికి చెప్పడం

గెత్సేమనేలో యేసు పేతురును, జెబెదయి ఇద్దరు కుమారులను వెంట తీసుకుపోయి, తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉన్నదని చెప్పి, తనతో కూడ మెలకువగా ఉండమని అడిగాడు. వారు నిద్రపోయారు, అది వేరే సంగతి. ఆయనే అడిగినప్పుడు మనం అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. కాకపోతే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. విన్నది బయటకు పోనివ్వనివారు, వెంటనే ఉపదేశం మొదలుపెట్టనివారు, అవసరమైతే ఇది నువ్వు నాకు నిన్న కూడా చెప్పావు అనగలిగినవారు కావాలి. పదిమందికి చెప్పి పది అభిప్రాయాలు పోగుచేసుకోవడం కూడా అతిగా ఆలోచించడంలో ఒక రకమే. అలాగే, అంతా బాగానే ఉంటుంది కదా అని అదే మనిషిచేత రోజూ అనిపించుకుంటే వచ్చే ఊరట కాసేపటికే అయిపోతుంది. ఆ మాటకు బదులు, నాతో కలిసి ప్రార్థించండి, నేను రాసుకున్న పని చేశానో లేదో ఆదివారం అడగండి అని కోరండి.

వైద్యుని దగ్గరికి వెళ్లవలసినప్పుడు

ఈ మెట్లన్నీ కొన్ని వారాలు పాటించినా నిద్ర, ఆకలి, పని దెబ్బతింటూనే ఉంటే, ఊపిరి ఆడనట్టు, గుండె దడతో హఠాత్తుగా భయం ముంచెత్తుతుంటే, ఒకే ప్రార్థనను సరిగ్గా పలికేవరకు మళ్లీ మళ్లీ చెప్పక తప్పని స్థితి ఉంటే, లేక దేవదూషణలాంటి ఆలోచనలు ఇష్టం లేకుండా చొరబడుతుంటే, అది చికిత్స ఉన్న వ్యాధి కావచ్చు. మానసిక వైద్యుణ్ణి కలవడం విశ్వాసాన్ని వదులుకోవడం కాదు. పౌలు ప్రయాణాల్లో ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు, తిమోతి తరచుగా వచ్చే బలహీనతలకు పౌలు సూచించినది కొంచెం ద్రాక్షారసం. చనిపోవాలన్న ఆలోచన, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన వస్తే వారాలు ఆగకూడదు. అదే రోజు ఇంట్లోవారికి చెప్పి, ఒంటరిగా ఉండకుండా, ఆసుపత్రికి వెళ్లాలి. సంఘకాపరికి కూడా తెలియజేయండి, కాని ఆయన ప్రార్థన ముగిసేదాకా వైద్యాన్ని వాయిదా వేయకండి.

వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం తీసుకువెళ్లండి. ఏ చింత ఎన్ని రోజులుగా, ఏ వేళల్లో వస్తున్నదో అందులో ఉంటుంది కనుక ఆయన పని సులువవుతుంది. మందులు రాసిస్తే, నెమ్మది కనిపించగానే ఎవరో సాక్ష్యం చెప్పారని సొంతంగా ఆపివేయకండి. తగ్గించాలన్నా, మానాలన్నా రాసిన వైద్యుణ్ణే అడగండి. మందులు వాడుతున్న కాలంలో కూడా మూడవ, నాలుగవ మెట్లు యథావిధిగా కొనసాగించవచ్చు.